తాపీ ముఖద్వారంలో నౌకామార్గాలు: అడాజన్ తీరం, గుజరాత్ మారిటైం బోర్డు

గుజరాత్‌లోని సూరత్ నగరంలో తాపీ నది కుడి గట్టున ఉన్న నివాస ప్రాంతం అడాజన్. ఇక్కడి నుంచి నది సుమారు ఇరవై కిలోమీటర్లు ప్రవహించి ఖంభాత్ సింధుశాఖలో, అంటే అరేబియా సముద్రంలో కలుస్తుంది. ఈ దూరమంతా సముద్రపు ఆటుపోట్లు నదిలోకి వచ్చి పోతుంటాయి. తాపీ ముఖద్వారంలోని మగ్దల్లా, హజీరా రేవులూ, వాటికి దారి చూపే నౌకామార్గాలూ గుజరాత్ మారిటైం బోర్డు పరిధిలోకి వస్తాయి. భారతదేశంలో ఒక రాష్ట్ర ప్రభుత్వం తన ఓడరేవుల కోసం చట్టం చేసి ఏర్పరచుకున్న మొదటి బోర్డు ఇదే. రేవుల్లో లోతు కాపాడటం, దారి గుర్తులు నిలపడం, నౌకల రాకపోకలను క్రమబద్ధం చేయడం, జెట్టీలకు అనుమతులివ్వడం, ప్రయాణికుల ఫెర్రీలకు వసతి కల్పించడం దీని ప్రధాన విధులు.

నది, సముద్రం, ఒండ్రు

తాపీ మధ్యప్రదేశ్‌లోని బేతూల్ జిల్లా ముల్తాయి దగ్గర పుట్టి, మహారాష్ట్ర, గుజరాత్‌ల మీదుగా 724 కిలోమీటర్లు పడమరకు ప్రవహిస్తుంది. దక్కను పీఠభూమి నల్లరేగడి నేలల నుంచి వానాకాలంలో మెత్తని ఒండ్రును మోసుకొస్తుంది. ఎదురుగా ఉన్న ఖంభాత్ సింధుశాఖ గరాటులా లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతుంది కాబట్టి పోటు నీరు అక్కడ ఎత్తుగా లేస్తుంది. భావనగర్ వద్ద అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య తేడా పది మీటర్లు దాటుతుంది. సింధుశాఖ ఇరుకైన చోట్ల ప్రవాహ వేగం గంటకు పది కిలోమీటర్లను మించుతుంది. ఇంత ఉధృతమైన నీరు అడుగు మట్టిని రోజూ కదిలించి ఒకచోట తీసి మరోచోట పోస్తుంది.

ఈ రెండు శక్తుల కలయిక వల్ల తాపీ మొగలో ఇసుక తిన్నెలు స్థిరంగా ఉండవు. నిన్న నౌక వెళ్లిన దారిలో వచ్చే ఏడాది తిన్నె లేవవచ్చు. నదిలో వరద బలంగా ఉన్నప్పుడు పూడిక సముద్రంలోకి కొట్టుకుపోతుంది, వరద తగ్గితే పోటు తెచ్చిన బురద లోపలే మిగిలిపోతుంది. సూరత్ రేవు చరిత్రను నడిపింది ఈ లెక్కే. బోర్డు చేసే పనిలో ఎక్కువ భాగం కూడా దీనితో తలపడటమే.

పూర్వచరిత్ర

తాపీ మీద సూరత్ కన్నా ముందు పేరు పొందిన రేవు అడాజన్‌కు ఆనుకుని అదే గట్టున ఉన్న రాందేర్. అక్కడి వర్తకుల నౌకలు బర్మా, మలక్కా దాకా వెళ్లేవి. 1530లో పోర్చుగీసువారు రాందేర్‌ను దోచి తగలబెట్టారు. ఆ దాడుల తర్వాత గుజరాత్ సుల్తాను మూడవ మహమూద్ కాలంలో, 1540ల్లో, ఎదుటి గట్టున సూరత్ కోట లేచింది. మొగలుల ఏలుబడిలో సూరత్ సామ్రాజ్యపు ప్రధాన రేవుగా ఎదిగింది. మక్కా యాత్రికులు ఇక్కడి నుంచే ఓడ ఎక్కేవారు. రేవు పాలనకు ముత్సద్దీ అనే అధికారి ఉండేవాడు.

అయితే ఆ వైభవ కాలంలో కూడా పెద్ద ఓడలు నది ఎక్కి సూరత్ దాకా వచ్చేవి కావు. మొగలోని తిన్నెలు దాటలేక అవి సముద్రతీరంలోని సువాలీ దగ్గర లంగరు వేసేవి. అక్కడ ఒక ఇసుక తిన్నె వెనక నిలకడగా లోతైన నీరుండేది. సరుకును చిన్న పడవల మీదా ఎడ్లబండ్ల మీదా నగరానికి చేర్చేవారు. 1608లో విలియం హాకిన్స్ హెక్టర్ అనే ఓడలో సూరత్ చేరాడు. 1612 నవంబరులో సువాలీ ఎదుట థామస్ బెస్ట్ నాయకత్వంలోని ఆంగ్ల ఓడలు పోర్చుగీసు నౌకాదళాన్ని నిలువరించాయి. ఆ మరుసటి ఏడాదికి ఈస్టిండియా కంపెనీకి సూరత్‌లో స్థిరమైన వర్తక కోఠీ దక్కింది.

1687లో కంపెనీ తన పశ్చిమ తీర కేంద్రాన్ని బొంబాయికి మార్చింది. 1736లో సూరత్ నౌకా నిర్మాత లవ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియా బొంబాయికి తరలివెళ్లాడు. 1837లో సూరత్‌ను అగ్నిప్రమాదం, వరద ఒకే ఏడాది దెబ్బతీశాయి. 1860 దశకంలో బొంబాయి దాకా రైలు పడటంతో తీరం వెంట పడవల్లో నడిచిన సరుకు చాలామటుకు రైలెక్కింది. 1877లో అడాజన్ వైపును పాత నగరంతో కలుపుతూ హోప్ వంతెన వచ్చింది. అప్పటి నుంచి ఈ నదిని నగరవాసులు పడవ మీద దాటడం తగ్గి, వంతెన మీద దాటడం పెరిగింది.

చట్టపరమైన పరిధి

భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ఓడరేవులను రెండుగా విడదీసింది. కేంద్రం ప్రధాన రేవులుగా ప్రకటించినవి కేంద్ర జాబితాలో ఉన్నాయి. మిగిలినవి ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. ప్రకటిత జాతీయ జలమార్గాలపై మరబోట్ల రాకపోకలు, దీపస్తంభాలు కేంద్రానివి. ఇతర లోతట్టు జలమార్గాలపై మరబోట్ల రాకపోకలు ఉమ్మడి జాబితాలోవి. అంటే ఒక నౌక తాపీ మొగలోకి వచ్చి నదిలో పైకి సాగితే, ఆ కొద్ది దూరంలోనే అనేక అధికార పరిధులను దాటుతుంది.

గుజరాత్‌లో కేంద్రం కింద ఉన్న ప్రధాన రేవు కాండ్లా ఒక్కటే. దాని ఇప్పటి పేరు దీనదయాళ్ రేవు. రాష్ట్ర పరిధిలోని రేవులను మొదట ఒక ప్రభుత్వ శాఖ చూసేది. గుజరాత్ మారిటైం బోర్డు చట్టం 1981లో వచ్చింది. ఆ చట్టం కింద 1982లో బోర్డు ఏర్పడి, గాంధీనగర్ కేంద్రంగా పనిచేస్తోంది. మహారాష్ట్ర, తమిళనాడు 1990ల్లో ఇదే బాట పట్టాయి.

రేవు లోపలి క్రమశిక్షణకు చాలాకాలం ఆధారం 1908 నాటి భారత ఓడరేవుల చట్టం. ప్రతి రేవుకూ ఒక సంరక్షకాధికారిని నియమించడం, దారికి అడ్డమైన శిథిలాలను తొలగించడం, లంగరు వేసే చోటు నిర్ణయించడం, రేవు సుంకం వసూలు చేయడం ఆ చట్టం ఇచ్చిన అధికారాలు. 2025లో పార్లమెంటు దాని స్థానంలో కొత్త ఓడరేవుల చట్టం చేసి, రాష్ట్ర మారిటైం బోర్డుల పాత్రకు జాతీయ స్థాయి చట్టంలో చోటు కల్పించింది. లోతట్టు పడవల నమోదుకూ, భద్రతకూ 1917 నాటి చట్టానికి బదులు 2021లో లోతట్టు నౌకల చట్టం వచ్చింది.

బోర్డు పనితీరు

బోర్డు తన రేవులను గుంపులుగా విభజించి, ఒక్కో గుంపును ఒక పోర్టు ఆఫీసరుకు అప్పగిస్తుంది. దక్షిణ గుజరాత్ తీరంలోని గుంపుకు మగ్దల్లా కేంద్రం. క్షేత్రస్థాయిలో బోర్డు చేసే పనులు ఇవి.

లోతు కొలతలు: నీటి అడుగును ధ్వని తరంగాలతో కొలిచి, పటం గీయడం అన్నిటికన్నా ముందు జరగాల్సిన పని. దేశానికంతటికీ అధికారిక సముద్ర పటాలను దేహ్రాదూన్‌లోని జాతీయ జల సర్వేక్షణ కార్యాలయం వేస్తుంది. కానీ తిన్నెలు తరచూ కదిలే మొగల్లో స్థానిక కొలతలు మాటిమాటికీ కావాలి. పటంలోని లోతు పాటు నీటిమట్టం నుంచి లెక్కిస్తారు. దానికి ఆ గంటలోని పోటు ఎత్తు కలిపితేనే నౌకకు దొరికే లోతు తెలుస్తుంది. కెప్టెన్ ఏ వేళకు మొగ దాటాలో నిర్ణయించేది ఈ కూడిక.

పూడికతీత: డ్రెజింగ్ రెండు రకాలు. కొత్తగా కాలువ తవ్వడం పెట్టుబడి పని, ఒకసారి జరుగుతుంది. తవ్విన లోతును నిలుపుకోవడం నిర్వహణ పని, దానికి ముగింపు ఉండదు. ఖంభాత్ సింధుశాఖ వంటి చోట తవ్విన గుంట ఒక్క రుతువులో నిండిపోవచ్చు. తీసిన మట్టిని ఎక్కడ పోయాలన్నది కూడా సాంకేతిక నిర్ణయమే. ప్రవాహం దాన్ని తిరిగి దారిలోకే తెస్తే ఖర్చంతా వృథా అవుతుంది.

దారి గుర్తులు, పైలట్లు: తీరం వెంట పెద్ద దీపస్తంభాలను కేంద్ర శాఖ నడుపుతుంది. రేవు లోపలి బోయాలు, చిన్న దీపాలు రేవు యంత్రాంగం చూసుకోవాలి. తిన్నె కదిలితే బోయాను కూడా కదపాలి. స్థానిక ప్రవాహాలు తెలిసిన పైలట్ నౌక ఎక్కి దారి చూపుతాడు, టగ్గులు తోడు నడుస్తాయి.

అనుమతులు, రుసుములు: తీరం వెంట జెట్టీ కట్టుకోదలచిన సంస్థకు బోర్డు అనుమతి కావాలి. దిగిన ప్రతి టన్ను సరుకుకూ ఆ సంస్థ బోర్డుకు రుసుము చెల్లిస్తుంది. ఓడలు విడగొట్టే అలంగ్ తీరంలో 1983 నుంచి స్థలాలు కేటాయించేది కూడా ఈ బోర్డే. అక్కడ పది మీటర్ల పోటే పాత ఓడను ఒడ్డు మీదికి ఎక్కించే బలం.

మగ్దల్లా: బార్జీల రేవు

మగ్దల్లా అడాజన్‌కు దిగువన, నది ఎడమ గట్టున ఉంది. పెద్ద నౌకలు ఇక్కడికి రాలేవు. అవి సముద్రంలో లంగరు వేసి ఉంటే, బార్జీలు వెళ్లి సరుకు దింపుకుని పోటు వేళ నది ఎక్కుతాయి. బొగ్గు, సిమెంటు, సిమెంటు క్లింకరు ఇలా వచ్చే సరుకుల్లో ముఖ్యమైనవి. సౌరాష్ట్ర తీరంలోని సిమెంటు కర్మాగారాల నుంచి రోడ్డున రావాలంటే సింధుశాఖను చుట్టి రావాలి. నీటి మీద అడ్డంగా దాటితే దూరం బాగా తగ్గుతుంది. అంబుజా సిమెంటు కంపెనీ మూల్ ద్వారకా నుంచి సూరత్‌కు సొంత నౌకల్లో సిమెంటు తరలించే ఏర్పాటు ఈ తర్కంతోనే నిలబడింది.

బార్జీ రేవుకు పరిమితులున్నాయి. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి ఇటువంటి రేవుల్లో పని నిలిచిపోతుంది. సరుకును రెండుసార్లు ఎత్తి దించే ఖర్చు పడుతుంది. అయినా చిన్న వర్తకుడికీ మధ్యతరహా పరిశ్రమకూ అందుబాటులో ఉండేది ఇలాంటి రేవే. సొంత జెట్టీ కట్టుకునే స్తోమత లేనివారికి ప్రభుత్వ రేవు తప్ప దారి లేదు.

హజీరా: లోతుకు పెట్టుబడి

అడాజన్ నుంచి అదే గట్టు వెంట పడమరకు వెళ్తే హజీరా వస్తుంది. అక్కడ ఎరువుల, ఉక్కు, పెట్రోకెమికల్, సహజవాయు పరిశ్రమలు గుమికూడాయి. 1995లో గుజరాత్ ప్రభుత్వం ప్రకటించిన ఓడరేవుల విధానం కొత్త రేవుల కోసం పది స్థలాలను ఎంపిక చేసింది. వాటిలో హజీరా ఒకటి. 1997 నాటి అనుబంధ విధానం ప్రకారం ప్రైవేటు సంస్థ రేవును కట్టి, సొంతం చేసుకుని, ముప్పై ఏళ్లు నడిపి, తర్వాత ప్రభుత్వానికి అప్పగించాలి. హజీరాలో షెల్ సంస్థ ఆధ్వర్యంలోని ద్రవీకృత సహజవాయు టెర్మినల్ 2005లో పని మొదలుపెట్టింది. అదానీ సంస్థ నడిపే సరుకు రేవు 2012లో తోడైంది.

ఈ పద్ధతి ఫలితాలను అంకెలే చెబుతాయి. బోర్డు పరిధిలోని రేవులు ఇప్పుడు ఏడాదికి 40 కోట్ల టన్నులకు పైగా సరుకును ఎక్కించి దింపుతున్నాయి. ఇందులో ముంద్రా, హజీరా, దహేజ్, పిపావావ్ వంటి పెద్ద రేవుల వాటా అధికం. నాలుగు వందల ఏళ్ల కిందట సువాలీలో ప్రకృతి ఇచ్చిన లోతును ఇప్పుడు దాని పక్కనే డ్రెజర్లు తవ్వి ఇస్తున్నాయి. ఆ తవ్వకపు ఖర్చును సరుకు మోసే ఓడ భరిస్తోంది. బోర్డు ఇక్కడ కట్టేవాడి స్థానం నుంచి పర్యవేక్షకుడి స్థానానికి మారింది.

ఫెర్రీలు నేర్పిన పాఠం

సింధుశాఖను అడ్డంగా దాటే ప్రయాణికుల నౌక గుజరాతీలు చాలాకాలం కోరుకున్నది. సూరత్‌లో వజ్రాల, వస్త్ర పరిశ్రమల్లో పనిచేసే సౌరాష్ట్ర కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. వారి సొంత ఊళ్లు నీటికి అవతల గట్టునే ఉన్నా, రోడ్డు ప్రయాణం ఒక రాత్రంతా పట్టేది. 2017 అక్టోబరు 22న ప్రధాని నరేంద్ర మోదీ ఘోఘా-దహేజ్ ఫెర్రీని ప్రారంభించారు. నీటి మీద దూరం 31 కిలోమీటర్లు. తర్వాత వాహనాలు కూడా ఎక్కాయి.

దహేజ్ నర్మద మొగలో ఉంది. అక్కడ పూడిక ఆగలేదు. టెర్మినల్ దగ్గర నౌకకు కావలసిన లోతు నిలబెట్టలేక 2020లో ఆ సర్వీసు ఆగిపోయింది. అదే ఏడాది నవంబరు 8న ఘోఘా-హజీరా మార్గంలో కొత్త ఫెర్రీ మొదలైంది. రోడ్డు మీద 370 కిలోమీటర్ల దూరం సముద్రం మీద 90 కిలోమీటర్లకు తగ్గింది, ప్రయాణం సుమారు నాలుగు గంటలకు దిగింది. కార్లు, లారీలు, మోటారు సైకిళ్లు ప్రయాణికులతో పాటే నౌక ఎక్కుతాయి. అడాజన్ వాసులకు ఈ నౌక ఎక్కే రేవు తమ గట్టు మీదే ఉంది.

రెండు ఫెర్రీల మధ్య తేడా నౌకలో లేదు, టెర్మినల్ కట్టడంలోనూ లేదు. ఒకచోట లోతు నిలిచింది, మరోచోట నిలవలేదు. కట్టడాన్ని ఒక్కరోజులో ప్రారంభించవచ్చు. కాలువ లోతును మాత్రం ఏటేటా డబ్బు కేటాయించి, కొలిచి, తవ్వి నిలబెట్టాలి. రాష్ట్ర సంస్థ సామర్థ్యానికి అసలు పరీక్ష ఈ రెండో పని.

ఎగువ కట్టడాలు, వరదలు

తాపీ మీద 1950ల్లో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయ్ జలాశయం పూర్తయ్యాయి. సాగునీటికీ విద్యుత్తుకూ ఇవి మూలాధారాలు. కానీ వానాకాలపు నీరు పైన నిలిచిపోవడంతో మొగలోని పూడికను కడిగే ప్రవాహం తగ్గింది. 1995లో రాందేర్-సింగణ్‌పోర్ మధ్య కాజ్‌వే కమ్ వియర్ కట్టారు. నగరానికి మంచినీళ్లు నిల్వ చేయడం, ఉప్పునీరు పైకి రాకుండా ఆపడం దాని ఉద్దేశం. పోటు అక్కడితో ఆగుతుంది. దానికి దిగువన ఉన్న అడాజన్ తీరంలో మాత్రం పోటు బురదను తెచ్చి వదిలిపోతుంది.

ఈ పూడిక ప్రభావం నౌకలతో ఆగదు. 1968 వరదలో తాపీలో దాదాపు 15 లక్షల క్యూసెక్కులు ప్రవహించాయి. 2006 ఆగస్టులో ఉకాయ్ నుంచి 9 లక్షల క్యూసెక్కులకు చేరువగా నీరు వదిలితేనే నగరంలో అధికభాగం మునిగింది. అడాజన్, రాందేర్ ఇళ్ల కింది అంతస్తులు నీళ్లలో ఉండిపోయాయి. నది ఇరుకై, పూడి, సముద్రంలో పోటు వేళ అయితే వరద నీరు వెళ్లే దారి తగ్గుతుంది. నౌకకు అవసరమైన లోతు, వరదకు అవసరమైన లోతు ఒకే నది అడుగున ఉంటాయి. కానీ గట్లు, ఆనకట్టలు నీటిపారుదల శాఖవి, తాగునీరు నగరపాలక సంస్థది, రేవు బోర్డుది.

నగరపాలక సంస్థ ఇప్పుడు మరింత దిగువన రూంఢ్-భాఠా మధ్య బ్యారేజీ చేపట్టింది. అది పూర్తయితే అడాజన్ ఎదుట నది మంచినీటి జలాశయంగా మారుతుంది, ఉప్పునీటి పోటు కిందనే ఆగుతుంది. నగరానికి తాగునీటి భద్రత పెరుగుతుంది. ఆ బ్యారేజీకి దిగువన మగ్దల్లా వైపు పూడిక ఎలా మారుతుందో క్రమం తప్పకుండా కొలవాల్సిన బాధ్యత కూడా దానితోనే వస్తుంది.

జాతీయ జలమార్గం 100

2016 నాటి జాతీయ జలమార్గాల చట్టం దేశంలో 111 మార్గాలను ప్రకటించింది. మహారాష్ట్రలోని హత్నూర్ ఆనకట్ట నుంచి సముద్రం దాకా తాపీ అందులో 100వ సంఖ్య పొందింది. దీని అభివృద్ధి 1986లో ఏర్పడిన భారత లోతట్టు జలమార్గాల ప్రాధికార సంస్థ బాధ్యత. కాగితం మీద అడాజన్ తీరం జాతీయ జలమార్గమే. అయితే ఉకాయ్ ఆనకట్టకు పడవలు దాటే లాకు లేదు. వరుసగా వచ్చిన వంతెనలు ఎత్తైన నౌకలను రానివ్వవు. అందువల్ల సరుకు రవాణాకు పనికొచ్చే భాగం ఆచరణలో మొగకు దగ్గరిదే.

తెలుగు తీరంతో పోలిక

సూరత్ మరమగ్గాల పరిశ్రమలో తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది. సూరత్‌కూ తెలుగు తీరానికీ ఉన్న బంధం అంతకన్నా పాతది. పదిహేడో శతాబ్దంలో మొగలులకు సూరత్ ఎలాగో గోల్కొండకు మచిలీపట్నం అలాగ. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో అడుగుపెట్టి, ఆ వెంటనే సూరత్‌లో స్థిరపడింది. రెండు చోట్లా పెద్ద ఓడలు దూరంగానే లంగరు వేసేవి. పూడిక రెండింటినీ వెనక్కి నెట్టింది. గోదావరి పాయ మీది కోరంగి రేవుది కూడా ఇదే కథ.

కాకినాడ లంగరు రేవు మగ్దల్లాకు దగ్గరి ఉదాహరణ. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ చాటున నౌకలు ఆగితే, బార్జీలు సరుకు చేరవేస్తాయి. నదీ రవాణాలో మాత్రం ఆంధ్ర అనుభవం వేరు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి తీసిన కాలువలకు ఆర్థర్ కాటన్ పడవల లాకులు కూడా పెట్టించాడు. సాగునీరు, రవాణా ఒకే కాలువలో సాగాయి. తాపీ మీద ఆ అవకాశం తీసుకోలేదు. ఆంధ్రప్రదేశ్ కూడా గుజరాత్ నమూనాలో మారిటైం బోర్డు ఏర్పరచుకుని మచిలీపట్నం, రామాయపట్నం, మూలపేట రేవుల నిర్మాణం చేపట్టింది.

మూల్యాంకనం

గుజరాత్ మారిటైం బోర్డు నాలుగు దశాబ్దాల అనుభవం రెండు విషయాలు నిరూపించింది. స్పష్టమైన విధానం ఉంటే రాష్ట్ర ప్రభుత్వం కూడా ప్రపంచస్థాయి రేవులను రప్పించగలదు. ఇది హజీరాలో కనబడింది. రుసుము చెల్లించే పెద్ద నౌక లేనిచోట, అంటే చిన్న రేవుల్లో, నగరం నడుమ నదిలో, ప్రయాణికుల ఫెర్రీ దారిలో, లోతును కాపాడే భారం ప్రజాధనం మీదే పడుతుంది. ఇది దహేజ్‌లో కనబడింది.

జెట్టీని ప్రైవేటు సంస్థకు ఇవ్వవచ్చు. నదిని ఇవ్వలేం. ఏటా లోతు కొలతలను ప్రజల ముందు పెట్టడం, బోర్డు, నీటిపారుదల శాఖ, నగరపాలక సంస్థ ఒకే పూడిక లెక్కను పంచుకోవడం, నిర్వహణ డ్రెజింగ్‌కు నిర్మాణ ఖర్చుతో సమానమైన గౌరవం ఇవ్వడం ఈ తీరానికి తక్షణావసరాలు. కొత్త రేవులు కట్టుకుంటున్న ఆంధ్రప్రదేశ్ ఈ మూడింటినీ మొదటి రోజు నుంచే తన బోర్డు పద్ధతుల్లో చేర్చుకుంటే, మచిలీపట్నం రెండోసారి పూడిపోయే ప్రమాదం తగ్గుతుంది.